అరువు కరెంటు కథ



మీ ఊళ్ళో బియ్యం మిల్లు ఉందా? ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దాని పక్కగా నడిచే ఉంటారు. లోపల మోటార్ల హోరు, పెరట్లో ఊక గుట్ట, గాలిలో తవుడు వాసన. గోడ పక్కన స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటూ ఉంటుంది.

ఒకసారి మా తొమ్మిదో తరగతి పిల్లలను అటువంటి మిల్లుకు తీసుకువెళ్ళాను. ధాన్యం బియ్యంగా మారే వరుసంతా చూసి బయటకు వస్తూ ఉంటే మిల్లు యజమాని నన్ను పక్కకు పిలిచారు.

"మాస్టారూ, మీరు సైన్సు చెబుతారు కదా, నా సందేహం ఒకటి తీర్చండి. నా మోటార్లన్నీ కలిసి తీసుకునేది 48 కిలోవాట్లేనని మీటరు చెబుతున్నది. నేను పెట్టించుకున్నది 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్. అంటే ఇంకా ఖాళీ ఉండాలి. కాని అది చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్నది. నా మోటార్లు తినని కరెంటును ఎవరు తింటున్నట్టు?"

ప్రశ్న చాలా మంచిది. మా పిల్లలు నా ముఖం వంక చూశారు. నేను అక్కడే, ధాన్యం బస్తా మీద కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాను. అదే ఇప్పుడు మీకు చెబుతాను. మోటారు దగ్గరకు వెళ్ళే ముందు మనం ఒక పెళ్ళి వంటశాలకు వెళ్ళాలి.

గుండిగను ఎవరు తిన్నారు?

ఒక పల్లెటూళ్ళో పెళ్ళి. ఐదువందల మందికి భోజనాలు. బియ్యం, పప్పు, కూరగాయలు పట్నం నుంచి బండి మీద వచ్చాయి. వాటితోపాటు పెద్ద పెద్ద గుండిగలు కూడా అద్దెకు తెచ్చారు. వంట అయింది, భోజనాలు అయ్యాయి. సాయంత్రం గుండిగలను మళ్ళీ బండి ఎక్కించి పట్నానికి పంపేశారు.

బియ్యం ఊళ్ళోనే ఖర్చయింది. గుండిగలు? వాటిని ఎవరూ తినలేదు. ఎన్ని వచ్చాయో అన్నీ తిరిగి వెళ్ళాయి. అయినా అవి లేకుండా అన్నం ఉడకదు. వాటిని మోసినందుకు ఎద్దులు అలసిపోయాయి, బండికి రెండు వైపులా బాడుగ అయింది, బండిలో చోటు వాటికే చాలావరకు సరిపోయింది.

మోటారు కూడా ఇట్లాగే రెండు సంగతులు కోరుతుంది. ఒకటి, పని చేయడానికి కావలసిన శక్తి. షెల్లరును తిప్పడం, ఎలివేటరు పట్టాను లాగడం, బ్లోయరుతో ఊకను ఎగరగొట్టడం దీనితోనే. ఇది బియ్యం వంటిది. ఖర్చయిపోతుంది, తిరిగి రాదు.

రెండవది అయస్కాంత క్షేత్రం. తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. మిల్లుల్లో తిరిగే ఇండక్షన్ మోటారు ఆ సూత్రం మీదనే నడుస్తుంది. నికొలా టెస్లా దీనికి 1888లో పేటెంటు పొందాడు. ఇందులో తిరిగే భాగానికి బయటినుంచి ఏ తీగా కలపరు. బయటి చుట్టలలోని అయస్కాంత క్షేత్రమే లోపలి భాగంలో కరెంటును పుట్టించి దాన్ని తిప్పుతుంది. కాబట్టి క్షేత్రం లేకుండా మోటారు లేదు. ఇది గుండిగ వంటిది.

మన దేశంలో ఇళ్ళకూ మిల్లులకూ వచ్చేది ఏకాంతర విద్యుత్తు. అది సెకనుకు 50 సార్లు ఆవర్తనం పూర్తి చేస్తుంది. కరెంటు పెరిగేటప్పుడు మోటారు ఇనుములో క్షేత్రం పెరుగుతుంది, కొంత శక్తి అందులో నిలవ ఉంటుంది. కరెంటు తగ్గేటప్పుడు క్షేత్రం కుంచించుకుపోయి ఆ శక్తి మళ్ళీ లైనులోకి తిరిగి వస్తుంది. ఒక్కొక్క ఫేజు తీగలో ఇట్లా సెకనుకు 100 సార్లు అరువు తేవడం, 100 సార్లు తీర్చడం జరుగుతూ ఉంటుంది. చివరకు ఖర్చు సున్న. కాని ఆ రాకపోకల బరువును మాత్రం తీగ మోయాలి, ట్రాన్స్‌ఫార్మర్ మోయాలి. ఈ అరువు సామర్థ్యాన్నే ఇంజనీర్లు రియాక్టివ్ పవర్ అంటారు.

ఆలస్యంగా వచ్చే కరెంటు

ఇదే సంగతిని మరొక వైపు నుంచి చూడవచ్చు. విద్యుత్ సామర్థ్యం అంటే ఓల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేది అని మీరు చదువుకున్నారు. అయితే ఏకాంతర విద్యుత్తులో ఒక షరతు ఉంది. రెండూ ఒకే క్షణంలో పెరిగి, ఒకే క్షణంలో తగ్గాలి. నీళ్ళు కాచుకునే హీటరులో ఇట్లాగే జరుగుతుంది.

మోటారులో అట్లా కాదు. ఓల్టేజి శిఖరానికి చేరే వేళకు కరెంటు ఇంకా దారిలోనే ఉంటుంది. ఒక ఆవర్తనానికి పట్టే కాలం సెకనులో 50వ వంతు, అంటే 20 మిల్లీసెకన్లు. ఆ మిల్లులో కరెంటు సుమారు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా నడుస్తున్నది. వినడానికి చాలా చిన్న కాలం. కాని 20లో 3 అంటే తక్కువ కాదు.

పైథాగరస్‌ను పిలుద్దాం

ఇప్పుడు లెక్క. మీకు తేలికగా ఉండటానికి మిల్లు అంకెలను కొంచెం సర్ది చెబుతున్నాను. ఒక లంబకోణ త్రిభుజం గీయండి. అడ్డంగా ఉండే భుజం, పని చేసే సామర్థ్యం: 48 కిలోవాట్లు. నిలువు భుజం, అరువు సామర్థ్యం: 64 కె.వి.ఎ.ఆర్. మరి తీగలూ ట్రాన్స్‌ఫార్మరూ మోసే మొత్తం బరువు ఎంత? 48, 64 కూడితే వచ్చే 112 కాదు. అది ఈ త్రిభుజపు కర్ణం.

48 వర్గం 2304. 64 వర్గం 4096. రెండూ కలిపితే 6400. దాని వర్గమూలం 80. అంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు 80 కె.వి.ఎ. అది మోయగలిగింది 63! మరి కాలక ఏమి చేస్తుంది?

మొత్తం మోసినదానిలో పనికి వచ్చింది ఎన్నో వంతు? 48ని 80తో భాగిస్తే 0.6. దీన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. మన పాఠ్యపుస్తకాలు సామర్థ్య గుణకం అంటాయి. పదో తరగతి వాళ్ళు ఇది ఆ త్రిభుజంలోని కోణానికి కొసైన్ అని గుర్తుపట్టే ఉంటారు. అది 1 అయితే మోసినదంతా పనికి వచ్చినట్టు. 0.6 అంటే బండిలో గుండిగలే ఎక్కువన్నమాట.

ఆ మిల్లులో అది అంత తక్కువగా ఎందుకుంది? కారణం మేము కళ్ళతో చూశాం. 7 హార్స్ పవర్ చాలే చోట 20 హార్స్ పవర్ మోటారు బిగించారు. పెద్ద మోటారుకు పని ఉన్నా లేకపోయినా పెద్ద అయస్కాంత క్షేత్రమే కావాలి. పదిమందికి అన్నం వండటానికి ఐదువందల మందికి సరిపోయే గుండిగ తెచ్చినట్టు! కాబట్టి మొదటి మందు ఖర్చు లేనిది: పనికి తగిన మోటారు పెట్టుకోవడం.

ఇందులో డబ్బు నష్టం కూడా ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో పెద్ద పరిశ్రమలకు కిలోవాట్ గంటల లెక్కన గాక కె.వి.ఎ. గంటల లెక్కన బిల్లు వేసే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో పది గంటలు నడిస్తే పని చేసింది 480, బిల్లు పడేది 800. గుండిగల బాడుగ కూడా కట్టవలసిందేనన్నమాట.

గుండిగలు ఊళ్ళోనే ఉంటే?

పెళ్ళి జరిగిన ఊరిలో పెద్దలు తరువాత ఒక ఆలోచన చేశారనుకోండి. చందాలు వేసుకుని నాలుగు గుండిగలు కొని రామాలయంలో పెట్టుకున్నారు. ఇక ఎవరింట్లో పెళ్ళయినా పట్నం నుంచి బియ్యం వస్తే చాలు. గుండిగలు రామాలయం నుంచి పెళ్ళివారింటికి, అక్కడినుంచి మళ్ళీ రామాలయానికి తిరుగుతాయి. పట్నం దారిలో బరువు తగ్గింది.

మిల్లులో ఈ రామాలయం పని చేసేది కెపాసిటర్. రెండు లోహపు పలకలు, మధ్యలో విద్యుత్తు ప్రవహించని పొర. అంతే దాని నిర్మాణం. 1745, 1746 సంవత్సరాలలో యూరపులో తయారైన లేడెన్ జాడీ దీనికి తాత. ఇప్పటి మిల్లు కెపాసిటర్లలో లోహపు పూత పూసిన పల్చని ప్లాస్టిక్ పొరలను చుట్టగా చుట్టి డబ్బాలో పెడతారు.

కెపాసిటర్ కూడా శక్తిని అరువు తీసుకుని తిరిగి ఇస్తుంది. కాని దాని వేళ మోటారు వేళకు సరిగ్గా ఎదురు. మోటారు "తే" అనే క్షణంలో కెపాసిటర్ "ఇదిగో" అంటుంది. మోటారు తిరిగి ఇచ్చేటప్పుడు అది పుచ్చుకుని దాచుకుంటుంది. అరువు లావాదేవీ వాళ్ళిద్దరి మధ్యనే జరిగిపోతుంది.

ఆ మిల్లులో 50 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్లు పెట్టారు. ఇప్పుడు బయటినుంచి తేవలసిన అరువు 64లో 50 పోగా 14. మళ్ళీ పైథాగరస్: 48 వర్గం 2304, 14 వర్గం 196. కలిపితే 2500. వర్గమూలం 50! ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు 80 నుంచి 50కి దిగింది. పవర్ ఫ్యాక్టర్ 0.96 అయింది. 415 ఓల్టుల లైనులో 111 ఆంపియర్ల కరెంటు 70 ఆంపియర్లకు తగ్గింది.

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుందని జౌల్ నియమం. 50ని 80తో భాగించి వర్గం చేస్తే సుమారు 0.39. అంటే ఇదివరకు 100 పాళ్ళు వేడి పుట్టిన తీగలో ఇప్పుడు 39 పాళ్ళే పుడుతుంది. మోటార్లు మాత్రం మునుపటి పనే చేస్తున్నాయి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కెపాసిటర్ వల్ల ఊరట కలిగేది దానికి వెనుక ఉన్న తీగలకు, అంటే కరెంటు వచ్చే దారికి. కెపాసిటర్ నుంచి మోటారు దాకా ఉన్న తీగలో అరువు ప్రయాణం ఎప్పటిలాగే ఉంటుంది. అందుకే కెపాసిటర్‌ను మోటారుకు ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. బోరుబావి మోటార్లకు కెపాసిటర్లు పెట్టుకోండని రైతులకు చెప్పేది ఇందుకే. ఒక్కొక్కరు పెట్టుకుంటే లైను మొత్తం మీద కరెంటు తగ్గుతుంది. దారిలో ఓల్టేజి పడిపోవడం తగ్గుతుంది. లైను చివర ఉన్న రైతు మోటారు కూడా సరిగ్గా తిరుగుతుంది.

అట్లాగని ఎక్కువ పెట్టినా తప్పే. రాత్రి మోటార్లు ఆపేసి కెపాసిటర్లను లైనులోనే వదిలేస్తే అప్పుడు అవే అరువు రాకపోకలు మొదలుపెడతాయి, ఓల్టేజిని పెంచుతాయి. అందుకే పెద్ద మిల్లులలో అవసరాన్ని బట్టి కెపాసిటర్లను తనంతట తానే కలిపే, తీసే పెట్టె ఉంటుంది.

ఇంట్లో పెట్టె కొనవద్దు

"ఈ చిన్న పెట్టెను ప్లగ్గులో పెట్టండి, ఇంటి కరెంటు బిల్లు సగమవుతుంది" అని అమ్మేవాళ్ళు ఉన్నారు. అటువంటి పెట్టెలలో సాధారణంగా ఉండేది ఒక చిన్న కెపాసిటర్. మన ఇళ్ళ బిల్లు కిలోవాట్ గంటల మీద, అంటే ఖర్చయిన బియ్యం మీద వేస్తారు, గుండిగల మీద కాదు. కాబట్టి ఆ పెట్టె వల్ల మీ ఇంటి బిల్లు తగ్గదు. మీ అమ్మానాన్నలకు ఇది చెప్పండి. మీరు చదివిన సైన్సు ఇంటికి నాలుగు డబ్బులు మిగిల్చినట్టవుతుంది.

కథ ఇక్కడితో అయిపోలేదు

రెండేళ్ళు గడిచాయి. ఒకనాటి ఉదయం నా పాత శిష్యుడు ఒకడు ఇంటికి వచ్చాడు. అదే మిల్లులో ఎలక్ట్రీషియన్. ముఖం పాలిపోయి ఉంది.

"మాస్టారూ, కెపాసిటర్లు ఉబ్బిపోతున్నాయి. రెండుసార్లు కొత్తవి వేశాం. నిన్న రాత్రి ఒకటి పేలింది. అంతకు అరగంట ముందు నేను ఆ పెట్టె తలుపు తీసి దాని ముందే నిలబడి ఉన్నాను. ఓనరుగారు కెపాసిటర్లన్నీ పీకి పారేయమంటున్నారు."

"అవి రెండేళ్ళు బాగానే పనిచేశాయి కదరా. ఈ మధ్య మిల్లులో కొత్తగా ఏమైనా బిగించారా?"

"బ్లోయరుకూ ఎలివేటరుకూ డ్రైవులు పెట్టాం మాస్టారూ. వేగం మన ఇష్టం వచ్చినట్టు తగ్గించుకోవచ్చు. కరెంటు కూడా చాలా ఆదా అయింది."

డ్రైవ్ అంటే మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె. అది చెడ్డది కాదు, నిజంగానే కరెంటు ఆదా చేస్తుంది. కాని దానితో ఒక కొత్త అతిథి మిల్లులోకి వచ్చాడు. ఆ అతిథిని తెలుసుకోవాలంటే సంగీతం దగ్గరకు వెళ్ళాలి.

తంబురా తీగ చెప్పిన రహస్యం

తంబురా తీగను మీటితే ఒకే స్వరం వినిపించినట్టు ఉంటుంది. కాని ఆ తీగ సెకనుకు 100 సార్లు కంపిస్తే, దానితోపాటే 200 సార్లు, 300 సార్లు, 400 సార్లు కంపించే సన్నని స్వరాలు కూడా పుడతాయి. వీటిని అనుస్వరాలు అంటారు. ఇంజనీర్లు హార్మోనిక్స్ అంటారు. మామూలుగా డోలు చర్మం ఇటువంటి క్రమమైన అనుస్వరాలను ఇవ్వదు. మన మృదంగం, తబలా మాత్రం మధ్యలోని నల్లని పూత వల్ల ఇస్తాయి. ఈ సంగతిని సర్ సి.వి. రామన్ పరిశీలించి 1920లో ప్రకటించారు.

ఫ్రాన్సు దేశంలో ఒక దర్జీ కొడుకు ఉండేవాడు. పేరు జోసెఫ్ ఫోరియర్, పుట్టింది 1768లో. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. ఉష్ణం ఎట్లా ప్రవహిస్తుందో చెప్పే గ్రంథాన్ని 1822లో ప్రచురించాడు. మళ్ళీ మళ్ళీ వచ్చే తరంగం ఎంత వంకరటింకరగా ఉన్నా దాన్ని నున్నని తరంగాల మొత్తంగా విడదీయవచ్చునని అతను చూపించాడు. ఆ నున్నని తరంగాల పౌనఃపున్యాలు మొదటిదానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఇట్లా ఉంటాయి.

ఇప్పుడు డ్రైవ్ దగ్గరకు రండి. మోటారు కరెంటును నీటిధార తాగినట్టు నున్నగా తీసుకుంటుంది. డ్రైవ్ మాత్రం గుటకలు గుటకలుగా మింగుతుంది. ఓల్టేజి శిఖరం దగ్గర ఉన్నప్పుడు గబుక్కున లాగి, తక్కిన వేళ ఊరుకుంటుంది. కరెంటు తరంగం గుండ్రని కొండలా గాక ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఫోరియర్ చెప్పినట్టు దాన్ని విడదీస్తే మూడు ఫేజుల మామూలు డ్రైవులో 50తోపాటు ముఖ్యంగా 5, 7, 11, 13 రెట్ల తరంగాలు దొరుకుతాయి. అంటే సెకనుకు 250, 350, 550, 650 ఆవర్తనాలవి. ఇవి ధాన్యం ఆడించవు. తీగలనూ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుమునూ వేడెక్కిస్తాయి.

సరైన వేళకు తోసిన ఉయ్యాల

అయితే కెపాసిటర్ ఎందుకు పేలింది? ఉయ్యాలను గుర్తు తెచ్చుకోండి. దానికి తనదైన ఊపు ఒకటి ఉంటుంది. ఆ ఊపుకు సరిపోయే వేళకు ఒక చిన్న పిల్లవాడు మెల్లగా తోస్తూ ఉన్నా చాలు, ఉయ్యాల చెట్టుకొమ్మ దాకా పోతుంది. దీన్ని అనునాదం అంటారు.

మిల్లులో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు ఒకవైపు, కెపాసిటర్లు మరొకవైపు. రెండూ శక్తిని ఇటూ అటూ విసురుకునే జంట. వాటికీ ఒక సొంత ఊపు ఉంటుంది. అదెంతో తెలుసుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ పలక మీద ఇంపెడెన్స్ 4.5 శాతం అని ఉంది. 63ను 0.045తో భాగిస్తే 1400. దాన్ని కెపాసిటర్ల 50తో భాగిస్తే 28. 28 వర్గమూలం సుమారు 5.3. దాన్ని 50 ఆవర్తనాలతో గుణిస్తే 265.

మా వాడు కాగితం మీద ఈ లెక్క వేసి, 265 చూసి, తల ఎత్తాడు. "డ్రైవు తోసేది 250 దగ్గర కదా మాస్టారూ!"

అదీ సంగతి. ఊరి లైనునూ నడిచే మోటార్లనూ బట్టి ఆ 265 కాస్త అటూ ఇటూ జరుగుతుంది. 250కి చేరువయినప్పుడల్లా ఉయ్యాల ఎగిరిపడుతుంది. డ్రైవులోనుంచి వచ్చే కొద్దిపాటి ఐదవ హార్మోనిక్ కెపాసిటర్ల దగ్గర పెద్ద కరెంటుగా మారుతుంది. పైగా పౌనఃపున్యం పెరిగేకొద్దీ కెపాసిటర్ కరెంటుకు దారి ఇంకా సులువుగా ఇస్తుంది. లోపలి పొరలు వేడెక్కాయి, డబ్బా ఉబ్బింది, చివరకు పేలింది. తప్పు కెపాసిటర్‌దీ కాదు, డ్రైవుదీ కాదు. రెండూ మంచివే. ఆ రెండింటినీ కలిపినప్పుడు ఏమవుతుందో లెక్క వేయకపోవడమే తప్పు.

మందుకు విరుగుడు

కెపాసిటర్లను పీకి పారేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ 80 కె.వి.ఎ. బరువు కింద పడుతుంది. ఇంకా కెపాసిటర్లు చేరుద్దామంటే హార్మోనిక్స్ వాటి వల్ల తగ్గవు, ఊపు మరోచోటికి జరుగుతుంది, అంతే. మరి దారి ఏమిటి?

మిల్లు యజమాని కొలిచే పరికరంతో ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన ముందు తరంగాలను కొలిచి, తరువాత ప్రతి కెపాసిటర్‌కూ ఒక తీగచుట్టను వరుసలో కలిపించారు. దీన్ని రియాక్టర్ అంటారు. ఆయన పెట్టించింది 7 శాతం రియాక్టర్. దానితో కెపాసిటర్ ఊపు సెకనుకు 189 ఆవర్తనాలకు దిగిపోయింది. 189 దగ్గర డ్రైవు తోసేది ఏమీ లేదు. 250 దగ్గర తోసినా ఈ ఉయ్యాల ఎగరదు. రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద ఓల్టేజి కొంత పెరుగుతుంది కాబట్టి ఎక్కువ ఓల్టేజిని తట్టుకునే కెపాసిటర్లు వేశారు. ఆ తరువాత అవి ఉబ్బలేదు.

పెద్ద కర్మాగారాలలో ఇంకా ఉపాయాలున్నాయి. ఒక హార్మోనిక్‌ను పట్టి మింగే ఫిల్టర్లు ఉన్నాయి. ఏ క్షణంలో ఏ వంకర ఉందో చూసి, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి చెరిపేసే ఎలక్ట్రానిక్ ఫిల్టర్లు ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలను రెండు రకాలుగా అమర్చి, ఒక సగంలో పుట్టిన ఐదవ, ఏడవ తరంగాలను రెండవ సగంతో రద్దు చేసే పద్ధతి కూడా ఉంది. లైనులోకి ఎవరు ఎంత వంకరను వదలవచ్చునో చెప్పే ప్రమాణాన్ని అమెరికాలోని ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ మొదట 1981లో ప్రకటించింది. తరువాత దాన్ని 1992, 2014, 2022లలో సవరించారు. ఎందుకంటే లైను ఒక్కరిది కాదు. ఒక మిల్లు వదిలిన వంకర పక్క మిల్లు ఓల్టేజిలోనూ కనిపిస్తుంది.

కంప్యూటర్లు, ఎల్.ఇ.డి. దీపాలు కూడా కరెంటును గుటకలుగానే మింగుతాయి. వాటిలో మూడవ హార్మోనిక్ ఎక్కువ. మూడు ఫేజుల నుంచి వచ్చే ఈ 150 ఆవర్తనాల కరెంట్లు న్యూట్రల్ తీగలో ఒకదాన్నొకటి రద్దు చేసుకోకుండా కూడుకుంటాయి. అందుకే పెద్ద ఆఫీసు భవనాలలో న్యూట్రల్ తీగను సన్నగా వేయకూడదంటారు.

మీరు చేసి చూడండి

నాలుగైదు మీటర్ల తాడును ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను చేత్తో పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపండి. తాడు మొత్తం ఒకే పొంగుగా లేస్తుంది. ఊపు వేగం రెండింతలు చేయండి. రెండు పొంగులు, మధ్యలో కదలని చోటు ఒకటి కనిపిస్తాయి. మూడింతలు చేస్తే మూడు పొంగులు. ఇవే ఆ తాడు హార్మోనిక్స్. మధ్యరకం వేగంతో ఊపి చూడండి, తాడు గందరగోళంగా కదులుతుందే తప్ప పెద్దగా లేవదు. అనునాదం అంటే ఏమిటో మీ చేతికే తెలుస్తుంది.

ఒక లెక్క కూడా ఇస్తాను. ఒక నూనె మిల్లులో పని చేసే సామర్థ్యం 60 కిలోవాట్లు, అరువు సామర్థ్యం 80 కె.వి.ఎ.ఆర్. ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు ఎంత? దాన్ని 65 కె.వి.ఎ.కు దించాలంటే ఎన్ని కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్లు కావాలి? అప్పుడు పవర్ ఫ్యాక్టర్ ఎంత? పైథాగరస్ తప్ప ఇంకెవరి సహాయమూ అవసరం లేదు.

తాడుతో, కాగితంతో ఎన్ని ప్రయోగాలైనా చేయండి. కరెంటు తీగలతో మాత్రం వద్దు. మిల్లు కెపాసిటర్ స్విచ్చి తీసేసిన తరువాత కూడా కొన్ని నిమిషాలపాటు లోపల విద్యుత్తును దాచుకుని ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రాత్రి మా శిష్యుడు అరగంట తేడాలో బయటపడ్డాడు. ఇప్పుడు వాడు ఏ కొత్త పెట్టె వచ్చినా బిగించే ముందు కాగితం, కలం తీస్తాడు. 28కి వర్గమూలం ఎంతో వాడికి నోటికి వచ్చు!